పందెం, కాయ అవస్థ: గవ్వలాటల నుంచి ఇరవై ముఖాల పాచిక దాకా

గవ్వలతోనో పాచికలతోనో ఆడే ఆటలో పడిన సంఖ్య ఒక్కటే ఫలితాన్ని తేల్చదు. ఆ సంఖ్య ఏ కాయకు పడింది, ఆ సమయానికి ఆ కాయ ఏ స్థితిలో ఉంది అన్నది కూడా అంతే ముఖ్యం. నాలుగు పడితే ఒక కాయ ఇల్లు దాటుతుంది, ఇంకో కాయ పక్కవాడిని చంపుతుంది, మూడో కాయ కదలకుండా ఉండిపోతుంది. పందెం ఫలితాన్ని ఇలా మార్చే స్థితిని ఈ వ్యాసంలో ‘అవస్థ’ అంటున్నాం. విజయవాడ, బందరు, గుడివాడ, తెనాలి, దివిసీమ ప్రాంతాల్లో అరుగుల మీద ఆడుకున్న అష్టా చెమ్మా, వైకుంఠపాళి, పచ్చీసుల్లో ఈ సూత్రం స్పష్టంగా కనిపిస్తుంది. 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్, దాని తర్వాత వచ్చిన రోల్‌ప్లేయింగ్ ఆటలు ఇదే సూత్రాన్ని పేర్లు పెట్టి, పట్టికలు కట్టి, పుస్తకాలకెక్కించాయి.

మాటలు

తెలుగులో ‘పందెం’ అనే మాటకు ఒకటికి మించి అర్థాలున్నాయి. ఒడ్డిన సొమ్మూ పందెమే, గవ్వలు వేయడమూ పందెమే, సంక్రాంతి బరిలో పుంజుల పోటీ కూడా పందెమే. ‘పందెం వెయ్యి’, ‘మంచి పందెం పడింది’ అని ఆటగాళ్లు అనేది రెండో అర్థంలో. ఇక్కడా ఆ అర్థంలోనే వాడుతున్నాం. పాచిక అన్న మాటా ఆట దాటి వాడుకలోకి వచ్చింది. వేసిన ఎత్తు ఫలిస్తే ‘పాచిక పారింది’ అంటాం, బెడిసికొడితే ‘పారలేదు’ అంటాం.

గవ్వ నోరు పైకి ఉంటే వెల్లకిలా పడ్డట్టు, నేలకు ఆనితే బోర్లా పడ్డట్టు. చివరి గడి చేరిన కాయ ‘పండింది’. ఇంగ్లిషు ఆటల్లో కాయ ఇంటికి చేరుతుంది, మన ఆటల్లో పక్వానికి వస్తుంది. ఈ ఒక్క క్రియాపదంలోనే అవస్థ అనే ఊహ ఉందని నాకనిపిస్తుంది. పచ్చికాయ, దోరకాయ, పండు అన్నట్టుగా కాయకు దశలుంటాయి, దశను బట్టి దాని హక్కులు మారతాయి.

అష్టా చెమ్మా

సుద్దముక్కతోనో బొగ్గుతోనో నాపరాయి మీద గీసిన 25 గడుల పటం, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. ఆటకు కావలసిన సరంజామా అంతే. గవ్వలు దొరకనప్పుడు చింతపిక్కలను ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీసి వాడతారు. కాయలుగా గాజుముక్కలు, చీపురుపుల్లలు, గింజలు, గుండీలు, ఏవైనా సరే, ఎవరివి ఎవరివో గుర్తుపట్టేలా ఉంటే చాలు.

ఒక గవ్వ వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. చెమ్మా, అష్టా పడినవారికి మరో పందెం వస్తుంది. ప్రతి వైపూ నడిమి గడిలో ఇంటు గుర్తు ఉంటుంది, అది ఆ వైపు కూర్చున్నవారి ఇల్లు. పటం నట్టనడుమ ఉన్నది పండే గడి. కాయ బయటి వరసలోని 16 గడులను చుట్టి, లోపలి 8 గడుల్లో ఎదురు దిశలో తిరిగి, నడిగడికి చేరాలి. ఇంటి నుంచి పండే గడికి 24 అడుగులు.

ఇప్పుడు ఈ కాయ దారిలో ఏయే అవస్థల్లో పడుతుందో చూద్దాం.

మొదటిది ఇంట్లో కూర్చున్న అవస్థ. చాలా ఇళ్లలో చెమ్మా గానీ అష్టా గానీ పడితేనే కాయను బయటికి దింపనిస్తారు. అంతవరకూ ఒకటి, రెండు, మూడు ఎన్నిసార్లు పడినా అవి ఉత్త పందాలే. సంఖ్య పడుతూనే ఉంటుంది, దానికి విలువ మాత్రం ఉండదు. పక్కింటి పిల్ల రెండో కాయను కూడా పండించుకుంటుంటే, ఇంకా మొదటి కాయే దిగని పిల్లవాడి ముఖం చూసినవాళ్లకు ఈ అవస్థ గురించి వేరే వివరణ అక్కర్లేదు.

రెండోది దారిన పడిన అవస్థ. ఇంటు గుర్తు లేని గడిలో ఉన్న కాయను వెనక నుంచి వచ్చే ఏ కాయైనా చంపవచ్చు. సరిగ్గా ఆ గడికి చేరే పందెం పడితే చాలు. చచ్చిన కాయ మళ్లీ ఇంటి నుంచి మొదలుపెట్టాలి, చంపినవారికి అదనంగా ఒక పందెం దక్కుతుంది. అదే కాయ ఇంటు గుర్తున్న గడిలో ఉంటే ఏ పందెమూ దాన్ని తాకలేదు. ఇద్దరు ముగ్గురి కాయలు ఆ గడిలో పక్కపక్కన కూర్చుని ఉంటాయి. వేసేవారి చేతిలో గవ్వలు అవే, లెక్క అదే. ఎదుటి కాయ ఉన్న చోటు మాత్రమే ఆ పందేన్ని చావుదెబ్బగానో మామూలు నడకగానో చేస్తుంది.

మూడో అవస్థ ఈ ఆటకు ప్రాణం. ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపితే తప్ప లోపలి వరసలోకి వెళ్లే హక్కు రాదు. చంపనివారి కాయలు బయటి వరసలోనే చుట్టూ తిరుగుతుంటాయి. ఇక్కడ అవస్థ కాయది కాదు, ఆటగాడిది. ఒకసారి చంపితే ఆ హక్కు అతని నాలుగు కాయలకూ వస్తుంది. ఈ నియమం లేకుండా ఆడితే ఆట సగం చప్పబడుతుంది, ఎందుకంటే అప్పుడు ప్రతివారూ భద్రమైన గడి నుంచి భద్రమైన గడికి దూకుతూ పోరు లేకుండా పండించుకోవచ్చు. చంపాలన్న నియమం ఉంటే ప్రతివారూ వేటగాడూ అవుతారు, వేటా అవుతారు.

నాలుగోది జంట. ఒకరివే రెండు కాయలు ఒకే గడిలో కలిస్తే కొన్ని ఇళ్లలో వాటిని జంటగా లెక్కిస్తారు. ఒంటికాయ జంటను చంపలేదు, జంటే జంటను చంపాలి. జంట నడవాలంటే సరిసంఖ్య పడాలని, పడినదాంట్లో సగం గడులే నడవాలని కొందరి పద్ధతి. అంటే మూడు పడితే జంట కదలదు, రెండు పడితే ఒక గడి వెళుతుంది. భద్రత పెరిగింది, వేగం తగ్గింది. తర్వాత చెప్పబోయే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఒక అవస్థ ఒకవైపు మేలు, మరోవైపు కీడు చేయడమనే పోకడ ఉంది. దానికి ఇంత చక్కని నమూనా ఇంకొకటి దొరకడం కష్టం.

ఐదోది పండబోయే అవస్థ. నడిగడికి సరిగ్గా ఎన్ని అడుగులున్నాయో అంతే పడాలి. ఎక్కువ పడితే ఆ కాయకు ఆ పందెం చెల్లదు.

మోహనకృష్ణ ఇంద్రగంటి 2008లో తీసిన ‘అష్టా చమ్మా’ సినిమా తర్వాత ఆట పేరు పట్టణపు పిల్లల నోట కూడా మళ్లీ వినిపించింది. కానీ పేరు తెలిసినంతగా ఈ నియమాలు తెలియవు. అవి ఇప్పటికీ నోటి మాటగానే, అమ్మమ్మల దగ్గర నుంచి మనవరాళ్లకు అందుతున్నాయి. ఇంటింటికీ తేడాలు ఉండటానికి కారణమూ అదే.

గవ్వల లెక్క

నాలుగు గవ్వలూ రెండు వైపులా సమానంగా పడతాయనుకుంటే మొత్తం 16 రకాలుగా పడే వీలుంది. అందులో ఒకటి పడే తీర్లు 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4. చెమ్మాకు ఒక్కటి, అష్టాకు ఒక్కటి. అంటే ఒక పందెంలో కాయను దింపే అవకాశం 16లో 2, నూటికి 12.5. సగటున ఎనిమిది పందాలకు ఒకసారి. ఎనిమిది పందాలు వేసినా ఒక్క కాయా దిగని దురదృష్టవంతులు నూటికి 34 మంది ఉంటారు. ఇది ఎవరి చేతి దోషమూ కాదు, లెక్కే అలా ఉంది.

ఒక పందెం సగటు విలువ 2.5. చెమ్మా, అష్టాలకు వచ్చే మరో పందేన్ని కూడా కలిపితే ఒక వంతుకు సగటున 2.86 గడులు. నాలుగు కాయలకు మొత్తం 96 అడుగులు కాబట్టి, ఒక్క కాయా చావకుండా, ఒక్క పందెమూ వృథా కాకుండా నడిచినా 34 వంతుల దాకా పడుతుంది. చావులు, ఎదురుచూపులు కలిస్తే మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదలైన ఆట దీపాల వేళ దాకా ఎందుకు సాగుతుందో అర్థమవుతుంది.

అవస్థ విలువను కూడా ఇలాగే లెక్కకట్టవచ్చు. దారిన ఉన్న మన కాయకు సరిగ్గా రెండు గడుల వెనక శత్రువు ఉంటే, ఒక్క పందెంలో చచ్చే అవకాశం 16లో 6. ఒకటో మూడో గడుల వెనక ఉంటే 16లో 4. నాలుగు గడుల వెనక ఉంటే 16లో ఒక్కటే. ఎనిమిది గడుల వెనక ఉన్నా ఒక్కటే. కనుక శత్రువుకు రెండు గడుల ముందు ఆగడం కన్నా నాలుగు గడుల ముందు ఆగడం ఎన్నో రెట్లు క్షేమం. పండబోయే కాయకు ఇదే లెక్క తిరగబడుతుంది. నడిగడికి రెండడుగుల దూరంలో ఉన్నదానికే అన్నిటికన్నా మంచి అవకాశం, నాలుగడుగుల దూరంలో ఉన్నదానికి నేరుగా పండే అవకాశం బహు తక్కువ. బాగా ఆడే ముసలమ్మలు ఈ భిన్నాలు రాసుకోలేదు. అయినా వాళ్లు కాయ ఆపే చోట్లు గమనిస్తే లెక్క తప్పడం కనిపించదు.

నిజానికి గవ్వ సమానంగా పడదు. దాని వీపు ఉబ్బెత్తు, నోటి వైపు చదును. వీపు పగిలిన గవ్వ తీరు మళ్లీ వేరు. ఒక గవ్వ వెల్లకిలా పడే అవకాశం నూటికి 40 అనుకుంటే అష్టా అవకాశం దాదాపు 13కు పెరుగుతుంది, చెమ్మా అవకాశం రెండున్నరకు పడిపోతుంది. అందుకే ‘మా గవ్వలు’ అని ఒక ఇంటివాళ్లు తమ సంచీ తామే తెచ్చుకుని ఆడటంలో మమకారంతో పాటు తెలివి కూడా ఉంది.

వైకుంఠపాళి, పచ్చీసు

పరమపద సోపాన పటం అనే వైకుంఠపాళిని ముక్కోటి ఏకాదశి, శివరాత్రి జాగరణ రాత్రుల్లో ఆడటం ఆచారం. ఇందులో పాములకు రాక్షసుల, దుర్గుణాల పేర్లు, నిచ్చెనలకు సద్గుణాల పేర్లు ఉంటాయి. అవస్థ అన్నది ఇక్కడ గడికి అంటుకుని ఉంటుంది, కాయ వెంట రాదు. పాము మింగిన కాయ కిందికి దిగిపోయాక తర్వాతి పందేనికి మామూలుగానే నడుస్తుంది, విషం మిగలదు. ఆట సిద్ధాంతం దృష్టిలో ఇది ముఖ్యమైన తేడా. చివరి వరసల్లో పెద్ద పాము దగ్గర మాత్రం కాయకు నిజమైన భయావస్థ కలుగుతుంది, ఏ సంఖ్య పడకూడదో ఆ సంఖ్యే కళ్ల ముందు తిరుగుతుంది. పతనాన్ని వర్ణించడానికి పత్రికలు ఇప్పటికీ ‘రాజకీయ వైకుంఠపాళి’ అని రాస్తున్నాయంటే ఆ పటం మనసులో ఎంత నాటుకుందో ఊహించవచ్చు.

పచ్చీసులో ఇంటు గుర్తున్న గడులు భద్రం, పెద్ద సంఖ్యలకు అదనపు పందెం, పండటానికి కచ్చితమైన పందెం ఉంటాయి. 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన లూడో దీని నుంచి పుట్టిందే. గవ్వల బదులు ఒక్క పాచిక పెట్టి, దింపడానికి ఆరు పడాలన్న నియమం మాత్రం ఉంచుకున్నారు. అష్టా చెమ్మాలో 16లో 2 ఉన్న అవకాశం ఇక్కడ 6లో 1 గనుక పిల్లల ఓపికకు తగ్గట్టు ఎదురుచూపు కొంత తగ్గింది.

నలుణ్ణి పట్టిన కలి

పైన చెప్పినవన్నీ కాయ అవస్థలు. వేసేవాడి అవస్థ పాచికనే మార్చేస్తుందన్న ఊహకు మన సాహిత్యంలో ఉన్న గొప్ప ఉదాహరణ నలోపాఖ్యానం. మహాభారతం అరణ్యపర్వంలో, నన్నయ తెలుగు చేసిన భాగంలోనే ఈ కథ వస్తుంది. కథ చెప్పే సందర్భానికి బెజవాడతో చుట్టరికముంది. అర్జునుడు తపస్సు చేసిన ఇంద్రకీలాద్రి కనకదుర్గమ్మ కొండేనని ఇక్కడి నమ్మకం. అర్జునుడు అస్త్రాల కోసం వెళ్లి ఇంకా తిరిగిరాని రోజుల్లో, జూదంలో సర్వం పోగొట్టుకున్న ధర్మరాజు తనకన్నా దురదృష్టవంతుడు ఉన్నాడా అని వాపోతే, బృహదశ్వుడనే మహర్షి ఈ కథ చెబుతాడు.

దమయంతి నలుణ్ణి వరించిందని కోపించిన కలి అతణ్ణి పట్టడానికి పన్నెండేళ్లు కాచుకుంటాడు. ఒకనాడు శౌచం తర్వాత కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చిన చిన్న లోపం దొరకగానే ఒంట్లో దూరతాడు. ద్వాపరుణ్ణి పాచికల్లో చేరమంటాడు. తమ్ముడు పుష్కరుడితో ఆట మొదలవుతుంది, నలుడు వేసిన ప్రతి పందెమూ ఓడుతుంది. ఆటల నియమాల భాషలో చెబితే ఇక్కడ రెండు అవస్థలు ఒకేసారి పనిచేస్తున్నాయి. ఒకటి ఆటగాడికి పట్టింది, ఇంకొకటి పాచికకే పట్టింది. మంత్రులు, పురజనం, దమయంతి ఆపమన్నా అతనికి వినిపించదు. ఆటను మానుకోలేకపోవడం కూడా ఆ అవస్థ లక్షణమే.

విరుగుడు కూడా అంతే పొందికగా అల్లి ఉంది. దావానలం నుంచి కాపాడిన నలుణ్ణి కర్కోటకుడనే నాగుడు కాటేస్తాడు. నలుడి రూపం మారి బాహుకుడవుతాడు, కాని ఆ విషం బాధించేది లోపలున్న కలినే. ఒక అవస్థ మీద ఇంకో అవస్థ పడి మొదటిదాన్ని నలిపేయడం అన్నమాట. తర్వాత నలుడు సారథిగా కొలిచిన రాజు ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్ర చెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కించి చెబుతాడు. ప్రాచీన కాలంలో పాచికలుగా వాడింది తాండ్రకాయలనే. నలుడు బదులుగా అశ్వహృదయం ఇస్తానని, అతని దగ్గర అక్షహృదయం నేర్చుకుంటాడు. సంఖ్యల మర్మం తెలిసిన మరుక్షణం కలి విషం కక్కుతూ బయటికి వచ్చి ఆ తాండ్ర చెట్టులో చేరతాడు. తిరిగి వచ్చిన నలుడు పుష్కరుణ్ణి ఒక్క పందెంతో గెలుస్తాడు.

లెక్క తెలియడమే పూనకం వదలడమని ఈ కథ చెబుతోంది. సంభావ్యతా శాస్త్రాన్ని ఇంత ఆప్యాయంగా చూసిన పురాణకథ నాకు మరొకటి తెలియదు. కథ విన్న ధర్మరాజు కూడా బృహదశ్వుడి దగ్గర అక్షహృదయం నేర్చుకుంటాడు, విరాటుడి కొలువులో కంకుభట్టుగా పాచికలాడే ఉద్యోగానికి అదే పెట్టుబడి.

పుంజు అవస్థలు

పాచికలు లేకపోయినా పందెం ఉన్న చోట అవస్థల పట్టిక ఎలా పుడుతుందో చూడాలంటే కుక్కుట శాస్త్రం చూడాలి. రాజ్యం, భోజనం, గమనం, నిద్ర, మరణం అని పుంజుకు ఐదు అవస్థలు చెబుతారు. రంగును బట్టి, తిథిని బట్టి, జాముల వారీగా ఏ పుంజు ఏ అవస్థలో ఉందో చూసుకుని పందెం కాయాలంటారు. రాజ్యంలో ఉన్న పుంజు నిద్రలో ఉన్నదాన్ని గెలుస్తుందని నమ్మకం. ఈ లెక్కకు పక్షి బలంతో సంబంధమున్నట్టు రుజువేమీ లేదు, కత్తి కట్టిన పందాలు చట్టరీత్యా నేరం కూడా. అయినా అవస్థలకు పేర్లు పెట్టి, వరసకట్టి, ఒకదానిపై ఒకటి ఎలా పనిచేస్తుందో చెప్పే ఆలోచన మాత్రం ఇప్పటి ఆటల రూపకర్తల ఆలోచనకు ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంది.

ఇరవై ముఖాల పాచిక

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ప్రచురించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పటం తప్పనిసరి కాదు, కాయ స్థానంలో ఒక మనిషి ఉంటాడు. యోధుడో మాంత్రికుడో పూజారో అయిన ఆ పాత్ర తరఫున ఆటగాడు మాట్లాడతాడు, నిర్ణయిస్తాడు. ఫలితం అనుమానమైన చోట పాచిక వేస్తాడు. కథ నడిపే సూత్రధారి ఒకరు వేరే ఉంటారు. కాయకు ఉన్న చోటే అవస్థ, మనిషికైతే భయం, విషం, అలసట, అంధత్వం అన్నీ అవస్థలే. మొదటి పుస్తకాల్లోనే విషం, శిలగా మారడం వంటివాటి నుంచి తప్పించుకోవడానికి ప్రత్యేకమైన పందాలు ఉన్నాయి. పిశాచం తాకితే ఒళ్లు కొయ్యబారడమూ ఉంది. కాని ఏ అవస్థ ఏ పందేన్ని ఎంత మారుస్తుందన్నది చోటుకో తీరుగా చెదిరి ఉండేది.

2000లో వచ్చిన మూడో కూర్పు దాదాపు ప్రతి పనికీ ఇరవై ముఖాల పాచికనే వాడి, అవస్థలను కూడికలు తీసివేతలుగా మార్చింది. జంకిన పాత్ర వేసే పందెంలో 2 తగ్గుతుంది. న్యాయమైన పద్ధతే, కానీ నాలుగైదు అవస్థలు పోగుపడితే ఆట కన్నా కూడికలు ఎక్కువయ్యేవి.

2014లో వచ్చిన ఐదో కూర్పు చేసిన మార్పు అందమైనది. అవస్థలను 15కు కుదించి, చాలావాటికి ఒకటే ఫలితం పెట్టింది. అనుకూలంగా ఉంటే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవాలి, ప్రతికూలంగా ఉంటే రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవాలి. విషం ఎక్కినవాడు దెబ్బ వేయబోయినా, తలుపు బద్దలుకొట్టబోయినా రెండు పాచికల్లో చిన్నదే అతనిది. భయపడ్డవాడికి భయపెట్టినవాడు కంటికి కనబడుతున్నంతసేపే ఈ శిక్ష, అతని వైపు అడుగు వేయడానికి మాత్రం కాళ్లు రావు. నేల మీద పడిపోయినవాణ్ణి దగ్గర నుంచి కొట్టేవారికి అనుకూలం, దూరం నుంచి బాణం వేసేవారికి ప్రతికూలం. ఈ చివరి నియమాన్ని మనసులో ఊహించుకుంటే చాలు, గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

దీని లెక్క ఆసక్తికరం. ఒక పాచిక సగటు 10.5. రెండింటిలో పెద్దది తీసుకుంటే సగటు దాదాపు 13.8, చిన్నది తీసుకుంటే దాదాపు 7.2. పదకొండో ఆపైనో పడాల్సిన పనికి మామూలుగా సగం అవకాశం. అనుకూలంలో అది నూటికి 75, ప్రతికూలంలో 25. అంటే 5 కలిపినంత, 5 తీసేసినంత తేడా. అదే ఇరవయ్యే పడాల్సిన పనికి అనుకూలం ఉన్నా అవకాశం 5 నుంచి 9.75కే పెరుగుతుంది, ఒకటి కలిపినంత కూడా కాదు. ప్రతికూలంలో 0.25కు, అంటే నాలుగు వందల్లో ఒకసారికి పడిపోతుంది. చెయ్యగలిగీ చెయ్యలేని పని దగ్గరే అవస్థ గట్టిగా పట్టుకుంటుంది, బొత్తిగా అసాధ్యమైనచోట పెద్దగా సాయపడదు.

అనుకూలం, ప్రతికూలం రెండూ ఉంటే కొట్టుకుపోతాయి. దీనితో ఒక వింత వస్తుంది. ఇద్దరు గుడ్డివాళ్లు కత్తులు దూసుకుంటే, కొట్టేవాడికి చూపు లేదు గనుక ప్రతికూలం, కాచుకునేవాడికీ చూపు లేదు గనుక అనుకూలం. రెండూ రద్దయి ఇద్దరూ చూపున్నవాళ్లలాగే పోరాడతారు. సరళతకు చెల్లించిన ధర అది.

కొన్ని అవస్థలు పాచిక జోలికే వెళ్లవు, ఫలితాన్ని ముందే రాసేస్తాయి. ఒళ్లు కొయ్యబారినవాడు బలంతో, చురుకుతనంతో తప్పించుకునే ఏ పందెంలోనైనా వేయకుండానే ఓడిపోయినట్టు. ఐదడుగుల లోపు నుంచి అతనికి తగిలిన ప్రతి దెబ్బా చావుదెబ్బలాంటిది. అష్టా చెమ్మాలో చంపనివాడికి లోపలి వరస మూసి ఉండటం ఈ జాతిదే. అలసటకు 2014 నియమాల్లో ఆరు మెట్లు ఉండేవి, ఆరోది మరణం. 2024 సవరణలో మెట్లు ఆరే ఉన్నా, ఒక్కో మెట్టుకు పందెంలో 2 చొప్పున తగ్గించి లెక్కను తేలిక చేశారు.

మిగతా ఆటలు వేరే దారులు వెతికాయి. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ థూలూలో మనోస్థైర్యమే పందెం గెలవాల్సిన గీత. భయంకర దృశ్యం చూసి పందెం ఓడితే ఆ గీత కిందికి దిగుతుంది, తర్వాతి పందెం ఓడటం ఇంకా తేలికవుతుంది. ఊబి లాంటి నిర్మాణం. 1991 నాటి వాంపైర్‌లో ఒకేసారి గుప్పెడు పాచికలు వేస్తారు, గాయం ముదిరేకొద్దీ గుప్పెట్లోంచి పాచికలు తీసేస్తారు. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో కూర్పులో భయానికి అంకె ఉంటుంది, వంతు ముగిసినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది. గుండెదడ మెల్లగా సర్దుకున్నట్టే.

వీటి పక్కన మన గవ్వలాటలను పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రోల్‌ప్లేయింగ్ ఆటలు చాలావరకు పందేన్నే మారుస్తాయి. సంఖ్య తగ్గిస్తాయి, పాచిక తీసేస్తాయి, రెండోది చేరుస్తాయి. అష్టా చెమ్మా గవ్వలను ఎన్నడూ ముట్టుకోదు. నాలుగు గవ్వలు అందరికీ నాలుగు గవ్వలే, పడిన సంఖ్య పడినట్టే ఉంటుంది. ఆ సంఖ్యతో ఏం చేయవచ్చన్నదే మారుతుంది. కూడిక రాని ఐదేళ్ల పిల్ల కూడా ఈ పద్ధతిలో పెద్దవాళ్లతో సమానంగా ఆడగలదు. కొత్త ఆటలు తయారుచేసే తెలుగు యువత ఈ వారసత్వాన్ని గట్టిగా పట్టుకోవాలని నా కోరిక.

తెలుగులో ఆడేటప్పుడు

రోల్‌ప్లేయింగ్ ఆటల నియమపుస్తకాలు ఇంగ్లిషులో ఉన్నా బల్ల దగ్గర మాట తెలుగులో సాగడానికి అడ్డేమీ లేదు. అవస్థల పేర్ల విషయంలో తెలుగే మెరుగు. విషమెక్కింది, కళ్లు బైర్లు కమ్మాయి, కాళ్లు చచ్చుబడ్డాయి, కొయ్యబారాడు, జడుసుకున్నాడు, పూనకం వచ్చింది, సోలిపోయాడు. ఇవన్నీ క్రియలు. ఏం జరిగిందో, ఇప్పుడు ఏం చేయలేడో ఒక్క మాటలో చెప్పేస్తాయి. ‘జడుసుకున్నాడు’ అంటే ఎవర్ని చూసి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది, నియమానికి కావలసింది సరిగ్గా ఆ ప్రశ్నే. పరిభాష కోసం సంస్కృత సమాసాలు కట్టనక్కర్లేదు.

ఒప్పందాలను ముందే తేల్చుకోవడం కూడా మన అరుగుల మీద ఉన్న పద్ధతే. రోల్‌ప్లేయింగ్ బృందాలు మొదటి ఆటకు ముందు ఒక రోజు కూర్చుని ఏ నియమాలు పాటించాలో మాట్లాడుకుంటాయి. అష్టా చెమ్మాకు అంత సమయం పట్టదు. పటం గీస్తుండగానే, గవ్వలు చేతిలోకి తీసుకోకముందే, ఎవరో ఒకరు అడుగుతారు: ‘చంపకుండా లోపలికి వెళ్లొచ్చా? జంట కడదామా? వరసగా మూడు చెమ్మాలు పడితే పోయినట్టేనా?’ ఆ మూడింటికీ జవాబులు తేలాకే మొదటి పందెం పడుతుంది.